ప్రయోజకుడెవడు?

మన ఇళ్ళలో తల్లి తన కొడుకును గురించి కోరుకునేదంతా ఒక్క మాటలో చెప్పమంటే ‘ప్రయోజకుడు కావాలి’ అంటుంది. ఆ మాట వాడి వాడి ఎంతగా అరిగిపోయిందంటే దాని అర్థాన్ని గురించి ఇప్పుడెవరూ ఆగి ఆలోచించటం లేదు. ప్రయోజనం అంటే ఉపయోగం. ప్రయోజకుడు అంటే, మాట నిర్మాణాన్ని బట్టి, ఒక పనిని జరిపించేవాడు, ఒకదానిని ఉపయోగంలో పెట్టేవాడు. వ్యాకరణంలో ప్రయోజకకర్త అన్నా ఇతరులను పనికి పురికొల్పేవాడే. అనగా ‘ఎవరికి? దేనికి?’ అన్న ప్రశ్న ఈ మాట కడుపులోనే ఉన్నది. వాడుకలో ఆ ప్రశ్న ఎప్పుడో రాలిపోయింది. నెల తిరిగేసరికి జీతం తెచ్చేవాడు ప్రయోజకుడు, తేలేనివాడు అప్రయోజకుడు.

ఇవాళ ఆ మాట కూడా పాతబడి దాని స్థానంలో ‘సెటిల్ కావటం’ వచ్చి కూర్చున్నది. ‘మీవాడు సెటిలయ్యాడా?’ అని అడుగుతారు. అరవయ్యేళ్ళ మనిషిని అడగవలసిన ప్రశ్నను ఇరవై మూడేళ్ళవాణ్ణి అడగటంలోని విడ్డూరం అడిగేవారికి తోచదు. చెప్పుకోవలసిన సంగతి ఏమిటంటే, ‘ప్రయోజకుడు’లో ఇతరులకు ఎంతో కొంత చోటున్నది, ‘సెటిల్’లో ఆ చోటు బొత్తిగా లేదు.

యువకుడు జీవితంలో నెగ్గటమంటే ఏమిటి అన్న ప్రశ్నను మన నవలా, నాటకమూ ఎలా పట్టుకున్నాయో చూడాలని ఈ వ్యాసం. నా వాదం ఇది: తెలుగులో విజయాన్ని గురించి నిజం చెప్పిన గ్రంథాలు చాలావరకు ఓడిపోయినవారి కథలే. ఓటమి మీద ప్రేమకొద్దీ ఆ రచయితలు అలా రాశారనుకోవటం పొరపాటు. ఒక మనిషి పైకి రావటానికి అయిన ఖర్చెంత, ఆ ఖర్చు ఎవరు భరించారు అన్న లెక్కను వారు దాచకుండా చూపించారు. ఆ లెక్క చూపించిన తర్వాత కథ జయంతో ముగిసిందా అపజయంతో ముగిసిందా అన్నది రెండవ విషయం.

ఈ లెక్క మొట్టమొదట కనిపించేది కృష్ణరాయపురం అగ్రహారంలో. ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. 1909లో ఎంతో మారి, పెరిగి మళ్ళీ వచ్చింది. దాన్ని సంఘసంస్కరణ నాటకంగా చదవటం మనకు అలవాటు. ఒకసారి దాన్ని చదువు ఖర్చును గురించిన నాటకంగా చదివి చూడండి. అగ్నిహోత్రావధానులుకు కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువు పెద్ద బరువుగా ఉన్నది. వెంకమ్మ మరొకరి ఇంటి కుర్రవాడికి మునసబీ అయిందని చూపించి భర్త నోరు మూయిస్తుంది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వినపడే ‘పక్కింటి అబ్బాయి’కి మన ఆధునిక సాహిత్యంలో మొదటి దర్శనం ఇదేనని నా అభిప్రాయం. ఆ మునసబు రంగస్థలం మీదికి రాడు. రానవసరం కూడా లేదు, పేరు చెబితే చాలు. కొడుకు చదువు ఖర్చు కింద ఉన్న ఆ ఇంట్లోనే చిన్నకూతురు సుబ్బి పద్ధెనిమిది వందల రూపాయల ఆదాయం కింద ఉన్నది. గురజాడ ఈ రెండు పద్దులను ఒకే ఇంట్లో పెట్టి, వాటిని గురించి ఉపన్యాసం ఇవ్వకుండా ఊరుకున్నాడు. పిల్లవాడి ప్రయోజకత్వానికి ఆడపిల్ల పణంగా ఉన్న సమాజాన్ని ఇంతకంటే స్పష్టంగా చూపించటం సాధ్యం కాదు.

ఆ చదువైనా ఎటువంటిది? పరీక్ష తప్పిన వెంకటేశానికి దొరికిన గురువు గిరీశం. తనతో మాట్లాడటమే చదువని నమ్మించగలవాడు. ధైర్యంగా మాట్లాడటం, తెలియని విషయం తెలిసినట్టు నటించటం, ఎదుటివాడి బలహీనత కనిపెట్టి లాభం తీయటం — గిరీశం నేర్పే పాఠాలివి. ఇవాళ ఇంటర్వ్యూలకు తయారుచేసే శిక్షణ కేంద్రాలలో వీటికి మంచి పేర్లు పెట్టి రుసుము తీసుకుని నేర్పుతున్నారు.

ఇంగ్లండు వెళ్ళి బారిష్టరై రావాలని మొగల్తూరు నుంచి బయలుదేరిన పార్వతీశం కథ మొదటి భాగం 1924లో వెలువడింది. దాన్ని నవ్వుకుని వదిలిపెట్టాము. కుటుంబం సొమ్ము ఓడ టిక్కెట్టుగా మారటంలోని అవివేకాన్ని మొక్కపాటివారు ఎంత జాలితో చూశారో ఎవరైనా విడిగా రాయవలసి ఉన్నది.

అసలు ఈ ప్రశ్నను ఎత్తుకుని నవల నిండా పరిశీలించినవాడు కొడవటిగంటి కుటుంబరావు. ఆయన ‘చదువు’ నవలను నేను ఏటా పాఠంగానో, పాఠం వంకనో విద్యార్థులచేత చదివిస్తున్నాను. సుందరానికి అక్షరాభ్యాసం చేయించటంతో నవల ప్రారంభమవుతుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి 1930 తర్వాతి ఆర్థికమాంద్యం దాకా, ఒక కుర్రవాడి చదువు వెంబడి కథ నడుస్తుంది. మధ్యలో సహాయ నిరాకరణోద్యమం వస్తుంది, పోతుంది. పెళ్ళిళ్ళవుతాయి, చావులవుతాయి. చెప్పుకోదగిన గొప్ప సంఘటన ఒక్కటి లేదని నవల పూర్తిచేసిన విద్యార్థి ఫిర్యాదు చేస్తాడు. ఆ ఫిర్యాదు నిజమే. కుటుంబరావు బలం కూడా అక్కడే ఉన్నది.

ఎందుకంటే సుందరం మందమతి కాడు, సోమరి కాడు, దుర్వ్యసనపరుడు కాడు. మామూలు కథకుడైతే కుర్రవాడు నెగ్గకపోవటానికి అతనిలో ఏదో ఒక లోపం పెట్టేవాడు, పాఠకుడికి కారణం దొరికేది. కుటుంబరావు ఆ సౌకర్యం మనకు కలిగించలేదు. చెప్పినదల్లా చదివి, మెట్టు తర్వాత మెట్టు ఎక్కిన యువకుడు చివరకు చేరేసరికి ఆ మెట్ల పైన మేడ లేదు. ఆ ఉద్యోగాలను సృష్టించిన ఆర్థికవ్యవస్థే కుంగిపోయింది. తెలుగు డెల్టాలలో ధాన్యం ధర పడిపోయింది. శిస్తూ వడ్డీ మాత్రం పడలేదు. పొలం మీద వచ్చే అయివేజుతో పిల్లలకు చదువులు చెప్పించిన కుటుంబాల లెక్క తలకిందులయింది. రైతు రుణాల మీద 1938లో మద్రాసు ప్రభుత్వం శాసనం చేయవలసినంత దూరం వెళ్ళింది పరిస్థితి. ఇందులో సుందరం చేసిన తప్పేమిటి? చేయగలిగిన ఒప్పేమిటి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు లేకుండా చేయటంలోనే నవల అర్థముంది.

ఇది ఎప్పటి మాటో, మనకేమిటి అనేవారికి ఒక సంగతి జ్ఞాపకం చేస్తాను. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఒక ప్రకటన మీద సంతకం చేసి, హెచ్-1బి వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించాడు. ఆ వారంలో మన పట్టణాలలో ఎన్ని ఇళ్ళలో లెక్కలు తిరగరాసుకున్నారో నాకు చాలావరకు తెలుసు, ఎందుకంటే నేను ఉండే వీధిలోనే పొలం తాకట్టు పెట్టి పిల్లలను పంపినవారు ఉన్నారు. ఆ పిల్లల తెలివి శుక్రవారం నుంచి సోమవారానికి తగ్గిపోయిందా? సుందరం నాడు ధాన్యం ధర చేసిన పనిని నేడు సముద్రానికి ఆవలి ఒక సంతకం చేసింది. మనిషి విలువ మార్కెట్టులో నిర్ణయమయ్యే చోట అతని ప్రయోజకత్వం అతని చేతిలో ఉండదు. ‘చదువు’ను పాతకాలపు మధ్యతరగతి కథగా పక్కన పెట్టేవారు ఈ పోలికను కొంచెం నిదానించి చూడాలి.

ఇక గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, రావిశాస్త్రి ‘అల్పజీవి’ సంగతి. ఈ రెండు నవలలమీద అభ్యుదయ విమర్శకులలోనే చాలాకాలంగా ఒక అసంతృప్తి ఉన్నది. పోరాడే యువకుణ్ణి చూపవలసిన సమయంలో పిరికివాణ్ణి, ఓడిపోయినవాణ్ణి నాయకులుగా నిలబెట్టటమేమిటని. ఈ అసంతృప్తితో నేను ఏకీభవించను. అలాగని మనస్తత్వ చిత్రణ అనే పేరుతో ఈ నవలలను సమాజంనుంచి విడదీసి పొగిడేవారితోనూ ఏకీభవించను.

సీతారామారావు తండ్రి అతనికి విడిచివెళ్ళిన వాటిలో ఆస్తికంటే బరువైనది వంశప్రతిష్ఠ. ఆస్తి తరుగుతున్నకొద్దీ ప్రతిష్ఠ పెంచాలన్న పట్టుదల పెరిగింది. ఇచ్చినంతకాలం గొప్పవాడన్నవారే ఇవ్వలేనినాడు అసమర్థుడన్నారు. అప్పటికి ఎం.ఎన్. రాయ్ భావాల ప్రభావంలో ఉన్న గోపీచంద్ ఇక్కడ ఒక మంచి పని చేసి ఒక పని సగంలో వదిలిపెట్టాడు. భూస్వామ్య సమాజంలోని గొప్పతనం కొత్త ధనప్రపంచంలో చెల్లని నాణెమని చూపించటం మంచి పని. కాని నవల ఉత్తరార్ధంలో కారణాలన్నీ సీతారామారావు తలలోకి వెళ్ళిపోయి అక్కడే తిరుగుతాయి; బయటి ప్రపంచం మసక అయిపోతుంది. అతని చావు భయంకరంగా ఉంటుంది, నిజమే. అయితే ఆ భయం చదువరిని ప్రశ్న అడగనీయదు. తనకు ప్రశ్నించటం నేర్పినందుకు నవలను తండ్రికి అంకితమిచ్చిన రచయిత చివరి అధ్యాయాలలో ఆ ప్రశ్నకు ఊపిరాడనీయలేదని నాకు అనిపిస్తుంది.

‘అల్పజీవి’ ఈ విషయంలో ముందడుగు. సుబ్బయ్య చిన్న గుమాస్తా. ఇంట్లో భయం, వీధిలో భయం, ఆఫీసులో భయం. కాని రావిశాస్త్రి భయాన్ని రోగంగా చూపించలేదు. ఆ ఊళ్ళో ధైర్యంగా ఉన్నవాళ్ళెవరో చూపించాడు. బావమరిది వెంకట్రావుకు డబ్బు కావాలి. కంట్రాక్టరు గవరయ్య దగ్గర అప్పు తెమ్మని సుబ్బయ్యను ముందుకు తోస్తాడు. లోకం లెక్కలో గవరయ్య నూటికి నూరుపాళ్ళూ ప్రయోజకుడు. వెంకట్రావు చొరవ ఉన్నవాడు. వీళ్ళిద్దరి విజయమూ నడవాలంటే మధ్యలో సంతకం పెట్టటానికీ, మాట పడటానికీ, రాత్రి నిద్రపోకుండా ఉండటానికీ ఒక సుబ్బయ్య కావాలి. అల్పజీవి అనే మాట సుబ్బయ్యకు అతని స్వభావం పెట్టిన పేరు కాదు, ఆ అమరిక పెట్టిన పేరు. విశాఖపట్నంలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రికి నెగ్గినవాళ్ళను దగ్గరగా చూసే అవకాశం నిత్యమూ ఉండేది. ఆ చూపు ఈ నవల అంతటా తెలుస్తున్నది.

పోరాటవీరుణ్ణి కోరే మన మిత్రులకు నా మనవి ఏమిటంటే, గవరయ్య ఎలా నెగ్గాడో తెలియకుండా అతన్ని ఎదిరించే వీరుణ్ణి సృష్టిస్తే వాడు కాగితపు వీరుడే అవుతాడు. అటువంటివారు మన కథలలో చాలామంది వచ్చారు. పేర్లు ఎవరికీ గుర్తు లేవు.

ఈ నవలలను ఇవాళ యువకులు ఎంతమంది చదువుతున్నారు? నా తరగతిలో పాఠ్యపుస్తకం కాక, తమంతట తాము ఒక తెలుగు పుస్తకం చదివామన్నవారిలో చాలామంది చదివినది వ్యక్తిత్వవికాస గ్రంథమే. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ వంటి పుస్తకం పేరు వినని విద్యార్థి అరుదు. దీన్ని చూసి ముఖం చిట్లించి ఊరుకోవటం విమర్శకుడి పని కాదు. మనం చేయలేని పనిని ఈ పుస్తకాలు చేశాయి. తెలుగు తప్ప వేరే భాష రాని కుర్రవాడితో, అతని భయాన్ని గురించి, సిగ్గును గురించి, పొద్దున్నే లేవలేకపోవటాన్ని గురించి, అతనికి తెలిసిన భాషలో మాట్లాడాయి. పల్లెనుంచి వచ్చి నలుగురిలో నోరు విప్పలేని పిల్లవాడికి ‘నీవు చేయగలవు’ అనే మాట ఎంత అవసరమో అటువంటి పిల్లలకు పాఠం చెప్పేవారికి తెలుస్తుంది.

అయితే ఈ సాహిత్యంలో ఒక పద్ధతి ఉన్నది. విజయమనేది మెట్లెక్కటం. మెట్లెక్కేది ఒక్కడు. ఆ మెట్లు ఎవరు కట్టారు, మెట్ల మొదట్లో నిలబడి ఉన్న వందమందికి పైన చోటు ఎన్ని అడుగులున్నది అనే ప్రశ్నలు రావు. నెగ్గినవాళ్ళ ఉదాహరణలు వస్తాయి. ఆ సుగుణాలన్నీ ఉండి కూడా నెగ్గనివాడు ఉదాహరణగా రాడు. వస్తే సిద్ధాంతం నిలవదు. అనగా సుందరానికి ఈ గ్రంథాలలో చోటు లేదు. సుందరం వంటివాడు వీటిని చదివితే తనలో ఏ గుణం తక్కువైందా అని వెతుక్కోవటం మొదలుపెడతాడు. నిరుద్యోగం సమాజం సమస్యగా ఉన్నంతవరకు యువకుడు నలుగురితో కలిసి కోపగించుకోగలడు; అది అతని గుణలోపంగా మారినరోజున ఒంటరిగా సిగ్గుపడతాడు. పాలకులకు ఈ రెంటిలో ఏది సుఖమో చెప్పనక్కరలేదు.

ఒక సంవత్సరం బి.ఏ. రెండో తరగతివారికి నేను ఒక పని పెట్టాను. మీ ఊళ్ళో ప్రయోజకుడైనవాడు ఎవరు, ఎందుకు, రెండు పుటలు రాసుకురండి అన్నాను. ఎక్కువమంది హైదరాబాదు, బెంగుళూరు, డల్లాసు వెళ్ళినవారిని గురించి రాశారు. వారి జీతాలు రాశారు, కట్టిన ఇళ్ళ అంతస్తులు రాశారు. ఒక కుర్రవాడు మాత్రం తన ఊళ్ళో మోటారు బాగుచేసే మనిషిని గురించి రాశాడు. పదోతరగతితో చదువు ఆగిపోయింది. మడులు ఎండుతున్నప్పుడు రాత్రి ఏ వేళ మోటారు కాలిపోయినా ఊరంతా అతనికే ఫోను చేస్తుంది. అతను వచ్చి విప్పి, తీగ చుట్టి, నీళ్ళు పారించి పోతాడు. డబ్బులు పంట చేతికొచ్చాక. ఇతనికి ముప్పయి రెండేళ్ళు, పెళ్ళి కుదరటం లేదు. ‘సెటిల్’ కాలేదు గనుక. ‘అతను నాలుగు రోజులు ఊళ్ళో లేకపోతే నష్టమెంతో అందరికీ తెలుసు సార్. డల్లాసు ఆయన పదేళ్ళనుంచి లేడు’ అని ముగించాడు ఆ కుర్రవాడు. ప్రయోజకుడు అనే మాటకు నిఘంటువులో ఉన్న అర్థానికీ, ఊరివాడుకలో ఉన్న అర్థానికీ నడుమ ఉన్న అగాధాన్ని నేను ఎన్ని ఉపన్యాసాలలో చెప్పినా అంత బాగా చెప్పలేను.

ఆ కాగితాలలో మరొకటి నా దృష్టికి వచ్చింది. తరగతిలో సగానికి పైగా ఆడపిల్లలు. ఒక్కరు తప్ప అందరూ మగవారిని గురించే రాశారు. ప్రయోజకురాలు అనే మాట వ్యాకరణం ఒప్పుకుంటుంది గాని వాడుక ఒప్పుకోవటం లేదు. ఆడపిల్ల బుద్ధిమంతురాలు అవుతుంది, మంచి సంబంధం తెచ్చుకుంటుంది. ఇప్పుడు ఉద్యోగం కూడా ఆ సంబంధంలో ఒక అర్హతగా చేరింది. 1987లో వచ్చిన ఓల్గా ‘స్వేచ్ఛ’లో అరుణ ఈ బోనును గుర్తిస్తుంది. సంపాదనే స్వేచ్ఛ కాదని, ఇష్టపడి చేసుకున్న పెళ్ళి కూడా స్వేచ్ఛ కాదని, ఒకదాని తర్వాత ఒకటిగా తెలుసుకుంటుంది. మగవారి నవలలలో యువకుడు ఉద్యోగం దొరకక ఓడిపోతాడు. అరుణ ఉద్యోగం దొరికిన తర్వాత ప్రశ్న మొదలుపెడుతుంది. ఈ తేడాను మన విమర్శ తగినంత పట్టించుకోలేదు.

ఆ ఒక్కరు ఎవరిని గురించి రాశారో చెప్పాలి. ఆమె తన అక్కను గురించి రాసింది. అక్క గ్రామ సచివాలయంలో ఉద్యోగి. తల్లిదండ్రులు ఇద్దరూ కూలికి పోయేవారు, దళితవాడ. కాగితాలు తిరిగి ఇచ్చే రోజున నేను నా ధోరణిలో, నెలజీతాన్నే విజయమనుకునే మధ్యతరగతి భ్రమను గురించి మాట్లాడుతుంటే ఆ అమ్మాయి లేచింది. ‘మా అక్క ఉద్యోగం వచ్చాక మా అమ్మ ఆసామి పొలానికి పోవటం మానేసింది సార్. ఊళ్ళో మా నాన్నను పేరు పెట్టి పిలుస్తున్నారు. అంతకుముందు ‘ఒరే’ అనేవాళ్ళు. ఇది కూడా భ్రమేనా?’ అన్నది. తరగతి నిశ్శబ్దమైంది.

ఈ ప్రశ్న మన సాహిత్యానికి కొత్త కాదు. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం స్వాతంత్ర్యానికి పూర్వమే ఈ ప్రశ్నను రంగస్థలం మీద నిలబెట్టింది. పాలేరుగా పనిచేసే దళిత యువకుడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. కథగా చూస్తే మునసబీ కావాలని వెంకమ్మ కన్న కలకూ దీనికీ తేడా లేదు. రెండూ దొరతనపు ఉద్యోగాలే. నాటకీయంగా చూసినా ఇందులో యాదృచ్ఛికాలు తక్కువ కాదు. కాని ఆ నాటకం చూసి పాలేరుతనం మానేసి బడికి పోయినవారు ఉన్నారని చెప్పుకుంటారు. మునసబీ వచ్చిన అగ్రహారపు కుర్రవాడు పాత పెత్తనానికి కొత్త బిళ్ళ తగిలించుకుంటాడు. పాలేరు డిప్యూటీ కలెక్టరైతే ఒక పాలేరు తగ్గుతాడు, అతన్ని చూసి మరికొందరు తగ్గుతారు, చివరకు ఆసామికి చౌకగా మనిషి దొరకటం కష్టమవుతుంది. ఒకే కుర్చీ ఒకచోట పాత అమరికను నిలబెడుతుంది, మరొకచోట కదుపుతుంది. కాబట్టి ఉద్యోగం విజయమా కాదా అని నిర్ణయించే ముందు అది ఎవరి మెడమీది కాడిని దించింది అని అడగాలి. ఆ అమ్మాయి అక్కకు వచ్చిన జీతంలో ఒక వాడ తలెత్తిన చప్పుడున్నది. కుటుంబరావును ప్రమాణంగా తీసుకుని దాన్ని కొట్టివేస్తే అది కుటుంబరావుకు కూడా అన్యాయం. సుందరానికి ఓడిపోవటానికి పొలమన్నా ఉన్నది.

అయితే ‘పాలేరు’ను కూడా అక్కడే ఆపటానికి లేదు. పైకి వచ్చినవాడు వాడవైపు తిరిగి చూస్తాడా, చూడనిస్తారా, ప్రభుత్వ ఉద్యోగాలే తరిగిపోతున్నప్పుడు వాడలో మిగిలిన తమ్ముళ్ళ మాటేమిటి? ఈ ప్రశ్నలను ఆ అమ్మాయి తరంవారే రాయాలి.

మన కాలపు ‘చదువు’ ఇంకా రాలేదు. నేను చదివినంతలో, రెండు తెలుగు రాష్ట్రాల యువకులను మూడు నాలుగు దశాబ్దాలుగా తీర్చిదిద్దుతున్న రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలను మూలమట్టంగా పట్టుకున్న నవల ఒక్కటి కనిపించలేదు. కథలున్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. వాటిలో చాలావరకు ఒక పిల్లవాడి చావుతో మొదలై కన్నీటితో ఆగిపోతాయి. ఆ చావులు నిజం. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదా రెడ్డి సంఘం, ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి సంఘం ఈ చావుల మీదనే విచారణ జరిపాయి. తెలంగాణలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడితే సుమారు 9 లక్షల 70 వేలమందిలో 3 లక్షలకు పైగా తప్పారు. ఆ కొద్దిరోజులలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాలలోనే తప్పులు దొర్లాయని తేలింది. ఒక విద్యార్థినికి తెలుగు పేపరులో సున్న వేసి, తిరిగి చూసినప్పుడు 99 వేశారు. తెలుగు పేపర్లు దిద్దే వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక ఆ రెండు అంకెలు నాకు ఇప్పటికీ కళ్ళముందు నిలిచి ఉన్నాయి. ఆ సున్నకూ ఆ తొంభైతొమ్మిదికీ మధ్య ఆ పిల్లలో ఏమీ మారలేదు. సుందరం కథ ఇదే.

ఇటువంటి నవల రాయదలచినవారు కన్నీటినుంచి కాక పద్దుల పుస్తకంనుంచి మొదలుపెట్టాలని నేను కోరుతాను. తెల్లవారకముందే మోగే గంట, స్టడీ అవర్, వారం వారం పరీక్ష, ఆ మార్కులను బట్టి మారిపోయే సెక్షను — ఇవన్నీ రావాలి. నిన్నటిదాకా ఎంసెట్ అని పిలిచి ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న పరీక్ష రావాలి. పదినెలల జీతం మీద పనిచేసే లెక్చరరు రావాలి, అతను కూడా ఒకనాటి ర్యాంకరే అయి ఉంటాడు. పిల్లల్ని చేర్పించినందుకు తలకింత చొప్పున పుచ్చుకునే పి.ఆర్.ఓ. రావాలి, చాలాచోట్ల అతను పల్లెలో పిల్లల తల్లిదండ్రులు నమ్మే బడిపంతులే. మూడోవంతు ఫీజు కట్టి మిగతా రెండువంతులకు గడువు అడగటానికి వచ్చి, కొడుకును పది నిమిషాలు చూసి, మధ్యాహ్నం బస్సుకు తిరిగిపోయే తండ్రి రావాలి. అన్నిటినీ మించి, పత్రిక మొదటి పేజీ నిండా వచ్చే ర్యాంకుల ఫొటోల ఖర్చు ఎక్కడినుంచి వచ్చిందో ఆ నవల తేల్చాలి. ర్యాంకు తెస్తాడని నమ్మకమున్న పిల్లవాడికి ఫీజు తగ్గిస్తారు, కొన్నిచోట్ల పూర్తిగా వదిలేస్తారు. అతనికి మంచి లెక్చరర్లు, చిన్న సెక్షను. ఆ తగ్గింపునూ, ఆ జీతాలనూ, ఆ ఫొటోలనూ భరించేది ఫొటో రాని వందలమంది తండ్రులు కట్టే నిండు ఫీజు. పై సెక్షన్లోని కుర్రవాడికీ అడుగు సెక్షన్లోని కుర్రవాడికీ తరగతి గది వేరు, లెక్చరరు వేరు, పరీక్ష పేపరు కూడా వేరు. మెస్సు మాత్రం ఒక్కటే.